సిస్టం మాటిమాటికీ ఆగిపోతోందా? ముందు గోడలో ప్లగ్గు చూడండి

సొంతంగా పార్టులు కొని బిగించుకున్న డెస్క్‌టాప్ కొన్నాళ్ళు బాగానే నడిచి, తర్వాత రోజుకోసారో గంటకోసారో ఆగిపోవడం మొదలుపెడితే ఒడిశాలోని మా బరంపురం వైపు జరిగేది దాదాపు ఒకటే. దుకాణానికి మోసుకెళ్తాం, అతను మూత పూర్తిగా తీయకుండానే "ర్యామ్ ఖరాప్ హోయిగలా" (ర్యామ్ పాడైపోయింది) అంటాడు, కొత్త ర్యామ్ వేస్తాడు, అక్కడ బల్ల మీద రెండు గంటలు బ్రహ్మాండంగా నడుస్తుంది, ఇంటికి తెచ్చి ప్లగ్గు పెట్టాక సాయంత్రానికి మళ్ళీ మొదటికొస్తుంది. ర్యామ్ డబ్బులు పోయాయి, జబ్బు అలాగే ఉంది.

నిజానికి అక్కడ నడిచి ఇక్కడ ఆగిపోవడమే పెద్ద ఆధారం. సిస్టం అదే, మారినవి గోడలో కరెంటు, ఎర్తింగ్, గది వేడి, మానిటర్, దాని కేబుల్, వెనక గుచ్చిన యూఎస్‌బీ సామాన్లు. అందుకే కొత్త పార్టు కొనేముందు వీటిని చూడాలి. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఎక్కడున్నా వరస ఇదే: ముందు గోడ, తర్వాత పెట్టె లోపల, ఆ తర్వాతే విండోస్. మామూలుగా అందరూ దీన్ని తిరగేసి చేస్తారు, ముందు ఫార్మాట్ కొట్టిస్తారు.

ఎలా ఆగుతోంది?

"క్రాష్ అయింది" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎలా ఆగిందో చెప్పాలి. లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఒక్కసారిగా టక్కున ఆరిపోతే, లేదా ఏ తెరా రాకుండా దానంతటదే రీస్టార్ట్ అయితే ముందు అనుమానం కరెంటు మీద, ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును పార్టులకు కావలసినట్టు మార్చి ఇచ్చే డబ్బా) మీద. నీలం తెర వచ్చి ఏదో కోడ్ చూపిస్తే (విండోస్ 11లో 2025 అప్‌డేట్ల నుంచి అది నల్ల తెరగా మారింది, కంగారుపడకండి) విండోస్‌కు తప్పు తెలిసిందన్నమాట, అది మనకు మేలు. బొమ్మ గడ్డకట్టి, మౌస్ కదలక, స్పీకర్‌లో "బ్ర్ర్ర్" మని ఒకే శబ్దం సాగుతుంటే ర్యామ్, ప్రాసెసర్, ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ డ్రైవర్, వీటిలో ఏదైనా కావచ్చు. తెర నల్లబడి, ఫ్యాన్లు తిరుగుతూ, మీరు కాల్‌లో మాట్లాడేది అవతలివాళ్ళకు వినిపిస్తూనే ఉంటే సిస్టం బతికే ఉంది, గ్రాఫిక్స్ కార్డో దాని కేబులో మానిటరో చూసుకోవాలి.

ఒక కాగితం పెట్టుకుని ఆగిన ప్రతిసారీ టైము, అప్పుడు ఏం నడుస్తోందో, ఇంట్లో ఏం ఆన్ అయిందో రాయండి. విసుగ్గా ఉంటుంది గానీ వారం తిరిగేసరికి "బోరు మోటారు వేసినప్పుడే" అనో "గేమ్ లోడ్ అయ్యేటప్పుడే" అనో "ఏ పనీ చేయకుండా ఖాళీగా ఉన్నప్పుడే" అనో కనిపిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే ఆగడం కూడా ఒక రకం జబ్బే. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ల పాత బోర్డుల్లో బయోస్‌లోకి (ఆన్ కాగానే, విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్ళి పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్‌ను టిపికల్ కరెంట్ ఐడిల్ అని మారిస్తే చాలామందికి అది పోయింది.

గోడ దగ్గర మొదలుపెట్టండి

క్యాబినెట్ ఇనుముకు చెయ్యి తగిలితే సన్నగా జివ్వుమంటోందా? టెస్టర్ పెడితే వెలుగుతోందా? అయితే ఎర్తింగ్ లేదనే అనుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి ఎర్త్‌కి ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి ఒకటి చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్త్ తీగ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది, లేకపోతే క్యాబినెట్ సగం వోల్టేజీ దగ్గర, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమనడంతో ఆగుతుంది. కానీ అదే క్యాబినెట్‌కి హెచ్‌డీఎంఐతో టీవీ కలిపి, ఆ టీవీకి మేడ మీద డిష్ కేబుల్ కలిపి ఉంటే ఆ తేడా వోల్టేజీ మీ కార్డు పోర్టుల్లోంచి దారి వెతుక్కుంటుంది. యూఎస్‌బీలు ఊడిపోయినట్టు శబ్దం రావడం, మానిటర్ మిణుకుమనడం, ఫ్రిజ్ ఆన్ అవగానే సిస్టం రీస్టార్ట్ అవడం, ఇలాంటి దెయ్యం పనుల వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

పాత పెంకుటిళ్ళలో, ఇరవై ముప్ఫై ఏళ్ళనాటి వైరింగ్‌లో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, లోపల తీగలు రెండే ఉంటాయి. పైకి చూస్తే తెలియదు. మల్టీమీటర్‌ను ఏసీ 600 లేదా 750 రేంజ్‌లో పెట్టి కొలిస్తే ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 అటూఇటూ, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు రావాలి. ఫేజ్-ఎర్త్ మధ్య సున్నా గానీ అరవై, తొంభై అని ఊగే అంకె గానీ వస్తే ఎర్త్ లేదన్నమాట. మీటరు పట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, దీంట్లో హీరోయిజం వద్దు. ఇంకో మాట, కొందరు పని తొందరగా తెమల్చడానికి సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. మీటరు అప్పుడు అందంగా చూపిస్తుంది. కానీ ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజున మీ క్యాబినెట్ మీదికి మొత్తం 230 వోల్టులూ వస్తాయి. అలా కలుపుతానంటే ఒప్పుకోకండి, గొయ్యి తీసి ఎర్త్ వేయించండి. ఎర్త్ ఉన్నవాళ్ళు కూడా ఏప్రిల్, మే నెలల్లో ఆ గొయ్యిలో నీళ్ళు పోస్తూ ఉండాలి, మట్టి ఎండితే అది ఉన్నా లేనట్టే.

వోల్టేజీ సంగతి. సాయంత్రాలు లో వోల్టేజీ అని చాలామంది స్టెబిలైజర్ కొంటారు. యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటును సాఫీగా లాగే సర్క్యూట్) ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది, దానికి 180 వచ్చినా పట్టదు. చవక రకాల మీద 200 నుంచి 240 అనే ఉంటుంది, వాటికి పడుతుంది. స్టిక్కర్ చదివి నిర్ణయించుకోండి. రిలే స్టెబిలైజర్ "టక్" మన్నప్పుడల్లా ఒక క్షణం కరెంటు తెగుతుంది, కాబట్టి మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్నవాడికి అది లేనిపోని తలనొప్పి.

అసలు గొడవ ఆ క్షణాల దగ్గరే. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక సైకిల్‌కి 20 మిల్లీసెకన్లు. కరెంటు తెగాక ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్నదాంతో నిలబడేది పూర్తి లోడ్ మీద 16, 17 మిల్లీసెకన్లు. బల్బు ఒక్కసారి రెప్ప వేసినంత సేపు చాలు సిస్టం పడిపోవడానికి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్ళు దాని వెనకో పక్కనో ఉండే చిన్న స్విచ్ చూడండి, నార్మల్ అనో ఎకో అనో ఉంటే యూపీఎస్ మోడ్‌లోకి మార్చండి. ఫ్యాన్లకూ లైట్లకూ ఆ ఆలస్యం తెలియదు, కంప్యూటర్‌కి తెలుస్తుంది. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే మార్చినా లాభం లేదు, కొన్ని యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్‌ఎంపీఎస్‌లు దాని మీద బుస్సుమని ఆగిపోతాయి. వాటికి ప్యూర్ సైన్ వేవ్ కావాలి.

600 వీఏ యూపీఎస్ అంటే సాధారణంగా 360 వాట్లే. ఆఫీసు పనికి సరిపోతుంది గానీ గ్రాఫిక్స్ కార్డున్న సిస్టం గేమ్‌లో 400 వాట్లు దాటించొచ్చు. అందుకే కరెంటు పోయినప్పుడు బ్రౌజర్ తెరిచి ఉంటే నిలబడి, గేమ్ ఆడుతుంటే చటుక్కున ఆరిపోతుంది. జనం ఎస్‌ఎంపీఎస్‌ని తిడతారు, తప్పు లెక్కది. యూపీఎస్ బ్యాటరీ కూడా రెండు మూడేళ్ళకు అరిగిపోతుంది. తేల్చుకోవాలంటే ఒక రోజు యూపీఎస్, స్పైక్ గార్డ్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ అన్నీ పక్కన పెట్టి నేరుగా గోడకే పెట్టి నడపండి. ఆ తర్వాత ఎర్త్ బాగున్న చుట్టాలింటికి తీసుకెళ్ళి ఒక పూట నడపండి. అక్కడ ఆగకపోతే ఈ కింద చెప్పేదంతా మీకు అక్కర్లేకపోవచ్చు.

వేసవిలో ఒడియావాళ్ళు కాళబైశాఖి అనే సాయంత్రపు గాలివానలు వచ్చినప్పుడు, అక్టోబరు తుఫాన్లప్పుడు (2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస వైపు) స్విచ్ కట్టేస్తే సరిపోదు. ప్లగ్గు పీకాలి, దాంతోపాటు ఇంటర్నెట్ కేబుల్ రాగి తీగ అయితే అదీ పీకాలి. పిడుగు లాన్ పోర్టులోంచి వచ్చి మదర్‌బోర్డును సగం చంపితే అది చావదు, బతకదు, నెలల తరబడి మనల్ని తిప్పుతుంది.

ఇక మూత తీద్దాం

ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన చార్జ్ పోతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పొద్దు, పీకేశాక కూడా లోపల పెద్ద కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన చార్జ్ ఉంటుంది. టార్చి వేసి దాని జాలీలోంచి చూడండి చాలు. బల్లి, బొద్దింక, చీమల పుట్ట, ఏదో ఒకటి కనిపించినా ఆశ్చర్యపోకండి. కనిపిస్తే శుభ్రం చేయించే ఆలోచన మానేసి ఎస్‌ఎంపీఎస్ మార్చడమే మంచిది.

సముద్రం గాలి తగిలే ఊళ్ళలో ర్యామ్ బంగారు పళ్ళ మీద పల్చటి పొర పడుతుంది. ర్యామ్ తీసి, పళ్ళను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి తుడిచేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే దాంతో ఒకసారి తుడిచి, క్లిప్ "టిక్" మనేదాకా నొక్కండి. రెండు స్టిక్కులైతే నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. మొదటి రెండింట్లో పక్కపక్కనే పెట్టినవాళ్ళు చాలామందే ఉంటారు, పెడితే ఆన్ అవుతుంది గానీ స్పీడ్ పెంచితే తూలుతుంది.

24 పిన్నుల కేబుల్, ప్రాసెసర్‌కి పోయే 8 పిన్నుల కేబుల్ పీకి మళ్ళీ గట్టిగా పెట్టండి. గ్రాఫిక్స్ కార్డుకి రెండు 8 పిన్ సాకెట్లుంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్ళు లాగండి, ఒకే కేబుల్‌కి తోకలా ఉన్న రెండో కొసని వాడకండి. ఒక్కో 8 పిన్ లెక్క 150 వాట్లు, మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చేది మహా అయితే 75. కొత్త కార్డుల 16 పిన్ కనెక్టర్ అయితే చివరిదాకా దిగిందో లేదో కళ్ళు దగ్గర పెట్టి చూడాలి, కొంచెం వదులుగా ఉన్నా కరిగిపోయే రకం అది. ఒక పని మాత్రం అస్సలు చేయొద్దు: మాడ్యులర్ (కేబుళ్ళు ఊడదీసి పెట్టుకునే) ఎస్‌ఎంపీఎస్‌కి వేరే మోడల్ కేబుల్ తగిలించడం. పట్టినట్టే పడుతుంది, పిన్నుల వరస వేరై ఎస్ఎస్‌డీలు కాలిపోతాయి.

సొంతంగా బిగించిన సిస్టం కాబట్టి ఇంకో రెండు చూడండి. మదర్‌బోర్డు కింద రంధ్రం లేనిచోట అదనపు ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తి పట్టే చిన్న స్టాండు) ఉండిపోయి వెనక సోల్డర్‌కి తగులుతోందేమో, కూలర్ అడుగున ప్లాస్టిక్ స్టిక్కర్ తీయకుండానే బిగించారేమో. రెండోది వింటే నవ్వొస్తుంది, కానీ జరుగుతుంది.

వేడి గురించి ఎక్కువ టెన్షన్ పడతారు. ఇప్పటి ప్రాసెసర్లు వేడెక్కితే ఆగిపోవు, ముందు వేగం తగ్గించుకుంటాయి. రైజెన్ 7000 సిరీస్‌లో చాలావాటిని 95 డిగ్రీల దాకా వెళ్ళేలానే తయారుచేశారు, ఆ అంకె చూసి గుండె ఆపుకోనక్కర్లేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే వేడి చూపించే ప్రోగ్రాంలో లాగింగ్ పెట్టి వదిలేయండి, ఆగిన క్షణానికి ముందు వరస చూస్తే వేడా కాదా తెలిసిపోతుంది. గది ఎంత వేడెక్కితే లోపలా దాదాపు అంత పెరుగుతుంది కాబట్టి, జనవరిలో పాసైన సిస్టం మేలో తప్పొచ్చు.

విండోస్ ఏమంటోంది

ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తన చిట్టా చూపించే చోటు) తెరిచి సిస్టం లాగ్‌లో ఎర్రగా ఉన్న కెర్నల్-పవర్ 41 చూసి "ఎస్‌ఎంపీఎస్ పోయింది" అని తేల్చేవాళ్ళు కోకొల్లలు. ఆ 41కి అర్థం సిస్టం సరిగ్గా షట్‌డౌన్ కాలేదని, అంతే. జ్వరం వచ్చిందని చెప్పినట్టు, ఏ జ్వరమో చెప్పదు. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ అని ఒక అంకె ఉంటుంది, చూడాల్సింది అది. సున్నా ఉంటే విండోస్‌కి రాసుకునే టైమే దొరకలేదన్నమాట, కరెంటు తెగింది లేదా మొత్తం బిగుసుకుపోయింది, మళ్ళీ పైకెళ్ళి గోడా ఎస్‌ఎంపీఎస్ చూడండి. సున్నా కాకపోతే ఆ అంకె దశాంశంలో ఉంటుంది, ఇంటర్నెట్‌లో అలాగే వెతికితే దొరకదు, కాలిక్యులేటర్‌ని ప్రోగ్రామర్ మోడ్‌లో పెట్టి హెక్స్‌లోకి మార్చి వెతకాలి. ఎక్కువగా తగిలేవి నేనే చెప్తాను. 26 అంటే మెమొరీ మేనేజ్‌మెంట్, 292 అంటే హార్డ్‌వేర్ తనే తప్పు ఒప్పుకుంటున్నది (ప్రాసెసర్, దాని వోల్టేజీ, వేగం మరీ పెంచే ఓవర్‌క్లాక్), 278 గ్రాఫిక్స్ డ్రైవర్ జవాబివ్వకపోవడం, 122 డిస్కు నుంచి చదవలేకపోవడం, 307 ఏదో డ్రైవర్ మరీ సేపు పట్టుకు కూర్చోవడం, చాలాసార్లు ఎస్ఎస్‌డీది.

ఒక సూత్రం చెప్పొచ్చు. ప్రతిసారీ వేరే కోడ్ వస్తుంటే ర్యామ్‌ని అనుమానించండి, ప్రతిసారీ అదే కోడ్, అదే ఫైల్ పేరు వస్తుంటే డ్రైవర్‌ని. నూటికి నూరు శాతం కాదు గానీ మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. విండోస్‌లో ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపేస్తే కోడ్ చూపించే తెర అలాగే నిలబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు.

ర్యామ్ పరీక్షకి విండోస్‌లో ఉన్నది నమ్మకండి. మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఎర్రరే, "ఒకటేగా" అని వదిలేయడానికి లేదు. వస్తే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ని పెంచిన స్పీడ్‌లో నడిపే సెట్టింగు) ఆపి మళ్ళీ నడపండి. అప్పుడు పోయిందంటే ర్యామ్ చెడలేదు, ఆ స్పీడ్ మీ ప్రాసెసర్‌కో బోర్డుకో పడట్లేదు, ఒక మెట్టు తగ్గించుకుని బతకొచ్చు. పోకపోతే ఒక్కో స్టిక్కునీ అదే స్లాట్‌లో విడివిడిగా పెట్టి చూడండి. డీడీఆర్5 బోర్డులో ర్యామ్ మార్చాక మొదటిసారి కొన్ని నిమిషాలు నల్ల తెరే ఉంటుంది, అది ర్యామ్‌ని కొలుచుకుంటోంది, ఓపిక పట్టక మధ్యలో ఆపేసి "బోర్డు పోయింది" అనకండి.

ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్నవాళ్ళకి ప్రత్యేకంగా. గేమ్ తెరిచేటప్పుడు వీడియో మెమొరీ చాలలేదని వస్తోందా, కార్డులో మెమొరీ బోలెడు ఉన్నా? అది కార్డు తప్పు కాకపోవచ్చు. 65 వాట్లు, ఆపై రకాల్లో అధిక వోల్టేజీ వల్ల చిప్పే అరిగిపోయే సమస్య ఉందని ఇంటెల్ 2024లో ఒప్పుకుని 0ఎక్స్129, ఆ తర్వాత 0ఎక్స్12బీ మైక్రోకోడ్‌లు (బయోస్‌తో వచ్చే, ప్రాసెసర్ లోపలి చిన్న ప్రోగ్రాములు) ఇచ్చింది, వారంటీని రెండేళ్ళు పెంచి బాక్స్ ప్రాసెసర్లకు ఐదేళ్ళు చేసింది. కొత్త బయోస్ వేస్తే ఇకముందు అరగదు, ఇప్పటికే అరిగినది మాత్రం బాగవదు, దాన్ని వారంటీలో మార్పించుకోవాల్సిందే. బయోస్ వేసేటప్పుడు ఆకాశం చూసుకుని, యూపీఎస్ మీద పెట్టి వేయండి, మధ్యలో కరెంటు పోతే బోర్డు ఇటుకే.

గ్రాఫిక్స్ కార్డు మీద అనుమానమైతే డీడీయూ అనే ప్రోగ్రాంతో పాత డ్రైవర్ పూర్తిగా తీసేసి కొత్తది వేయండి. తగ్గకపోతే కార్డు పవర్ లిమిట్ 75, 80 శాతానికి దించి అదే గేమ్ ఆడండి. అప్పుడు ఆగకపోతే కార్డు చెడిందనుకోవడానికి ముందు ఎస్‌ఎంపీఎస్‌ని చూడాలి, కార్డు క్షణకాలం గుంజే కరెంటుని అది తట్టుకోలేకపోతూ ఉండవచ్చు. ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్కులకి క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అనే ప్రోగ్రాం చాలు. రీయలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (డిస్కులో చెడిన, చెడేలా ఉన్న చోట్లు) పెరుగుతుంటే ముందు ఫొటోలు కాపీ చేసుకోండి, సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిపోయిన లెక్క) పెరుగుతుంటే డిస్కు కాదు, సాటా కేబుల్ మార్చండి.

మార్చేటప్పుడు

ఒకసారికి ఒక్కటే మార్చండి. ర్యామ్, డ్రైవర్, కేబుల్ మూడూ ఒకే ఆదివారం మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు, రేపు మళ్ళీ వస్తే మూడూ మళ్ళీ మారుస్తారు. రెండు రోజులకోసారి ఆగే సిస్టం ఒక సాయంత్రం ఆగలేదని బాగైనట్టు కాదు, కనీసం నాలుగైదు రోజులు చూడండి. ఎస్‌ఎంపీఎస్‌ని కొనేముందు "బావా, నీది రెండ్రోజులు ఇస్తావా" అని అడిగి తెచ్చుకోండి, దాని కేబుళ్ళతో సహా. అసలు ఆన్ కాకపోతే ప్రాసెసర్, దాని కూలర్, ఒక ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ తప్ప అన్నీ పీకేయండి (ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు ఉంచాలి), బోర్డు మీద సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని చిన్న లైట్లుంటే ఏది వెలిగి ఆగిందో అక్కడే వెతకండి.

పార్టు తేలాక వారంటీ. మనకు దగ్గర సర్వీస్ సెంటర్లంటే భువనేశ్వరో విశాఖో, పర్లాకిమిడి వైపు వాళ్ళకి విశాఖే నయం. కౌంటర్‌లో పది నిమిషాలు ఆన్ చేసి "బాగానే ఉంది" అని తిప్పి పంపేవాళ్ళకి జవాబుగా మెమ్‌టెస్ట్ ఎర్రర్ ఫొటో, ఆగుతున్నప్పటి వీడియో, ఎంతసేపటికి ఏ పనిలో ఆగుతోందో ఒక కాగితం మీద రాసి పెట్టెలోనే పెట్టండి. పంపేముందు సీరియల్ నంబరు ఫొటో, బోర్డు రెండు వైపులా ఫొటోలు తీసుకోండి. మదర్‌బోర్డు పంపుతుంటే ప్రాసెసర్ సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తప్పకుండా ఉండాలి, అది లేకుండా పిన్ను వంగి చేరిందంటే వారంటీ లేదంటారు. అది మామూలుగా మదర్‌బోర్డు అట్టపెట్టెలో అడుగునే పడి ఉంటుంది, అట్టపెట్టెను దీపావళికి ఇల్లు దులిపినప్పుడు పారేయకపోతే.